తిరుగు అప్పగింతలు

కలుతర, శ్రీలంక
9 ఫిబ్రవరి 1998

అర్ఫాకి,

నా కుర్చీ ఎడమకాలి కింద అట్టముక్క పెట్టుకోమని చెప్పడం మర్చిపోయాను. ఈపాటికి ఒకసారైనా ఒరిగి ఉంటావు. నేను ఏడాది చదువుకి ఇటు రావడమేమిటి, కొండిపాలెం ఆసుపత్రికి నా బదులు డాక్టరుగా నిన్నే వెయ్యడమేమిటి! గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో పోట్లాడుకున్న ఇద్దరికి ఇంతకంటే కలిసిరావడం ఉండదు.

ఇక్కడ చూసింది నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. కుసుమావతి అని ఒక మిడ్‌వైఫ్ ఉంది. తెల్లబట్టలు, నల్లగొడుగు. నన్ను వెంటబెట్టుకుని ఇళ్ళన్నీ తిప్పింది. ఏ ఇంట్లో కోడలు నెల తప్పినా అత్తగారితో పాటే ఈమెకీ తెలిసిపోతుంది. ఆ కోడలు ఎక్కడ కాన్పు అవుతుంది, ఏ బండి మీద వెళుతుంది, తోడు ఎవరు వెళతారు, అన్నీ ముందే మాట్లాడి పెడుతుంది. వీళ్ళు మనకంటే పెద్ద డబ్బున్నవాళ్ళేం కాదు. అయినా కాన్పులో తల్లి పోవడం ఇక్కడ అరుదు.

అరుదుగా పోయినప్పుడు ఏం చేస్తారో కూడా చూశాను. డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆమె ఎక్కడ ఆగిపోయింది అని అడిగారు. ఇంటి దగ్గరా, దారిలోనా, ఆసుపత్రి గుమ్మంలోనా?

నాకు సుబ్బరత్నం గుర్తొచ్చింది. కిందటేడు ట్రాక్టరు మీద తెచ్చారు. మన గేటు దాటేసరికే ప్రాణం లేదు. తర్వాత మేం చేసిన పని సంజాయిషీలు రాసుకోవడం. ఎవరిది వాళ్ళు రాశారు. వాటిల్లో సుబ్బరత్నం ఎక్కడా లేదు.

అక్కడ మన దగ్గర ఇది మొదలుపెట్టు అర్ఫా. మొదటి పేరు మా హన్నాది రాసుకో. నా తమ్ముడు డేనియల్ అక్కడి హైస్కూల్లోనే కదా పని చేసేది, ఇల్లు నీకు తెలుసు. వాడి పెళ్ళానికి మూడో నెల.

నీ
వినీల

కొండిపాలెం
17 మార్చి 1998

వినీలా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నా కోపం.

అట్టముక్క సంగతి నెల తర్వాత చెబుతావా? జిల్లా ఆఫీసరు గారి ముందే ఒరిగాను. ఆయన లేచి నన్ను పట్టుకోబోయి తన టీ తన మీదే పోసుకున్నారు.

ఇక నీ లంక వైద్యం. జీపుకి డీజిల్ లేదు, బీపీ మిషను ఒక్కటే. "సరే, గొడుగైతే ఉంది కదండీ" అని మాణిక్యం గారు బయల్దేరింది. నువ్వు మెచ్చుకున్న నర్సే కాబట్టి ఆవిణ్ణి ఏమీ అనను. కానీ మొదటి వీధిలోనే తలుపులు మూసేశారట. "నన్ను చూడగానే పిల్లలు ఆపరేషనావిడ వచ్చిందని లోపలికి పరిగెడుతున్నారండీ" అని వచ్చి కూలబడింది. ఇన్నేళ్ళూ కుటుంబ నియంత్రణ కేసుల కోసం ఇళ్ళ చుట్టూ తిరిగి తిరిగి, మన మొహాలు చూస్తేనే జనం కడుపు పట్టుకునేలా చేసుకున్నాం. టార్గెట్లు తీసేశామని ఆఫీసువాళ్ళు అంటే సరిపోతుందా, జనం నమ్మొద్దూ?

అందుకని ఒక మాట పెట్టాను. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఆపరేషన్ అనే మాట ఎత్తకూడదు. ఎత్తితే నాకు టీ ఇప్పించాలి. మాణిక్యం గారు ఇప్పటికి రెండు టీలు ఇప్పించింది. మూడోది ఇప్పించే అవసరం రాలేదు, తలుపులు తెరుచుకుంటున్నాయి.

గోడకి నల్లబోర్డు చేయించి పేర్లు రాయించాను. వరండాలో పెడితే దిష్టి తగులుతుందని గోల. లోపలి గదిలోకి మార్చాను. మొదటి పేరు హన్నాదే. నీకు భయపడి కాదు, ఆ పిల్ల నాకు నచ్చింది. నన్ను "డాక్టరక్కా" అంటుంది.

మా అమ్మ జమాల్ బీ పటమట నుంచి వచ్చి వారం ఉండి వెళ్ళింది. నువ్వు లంకలో ఉన్నావంటే "అక్కడ యుద్ధం కదే, వైద్యం నేర్చుకోవడానికి ఇంకో ఊరే దొరకలేదా దానికి?" అంది. మా ఆయన ముస్తాక్ పామర్రు బ్యాంకుకి రోజూ వెళ్ళి వస్తున్నారు. మేం క్షేమం.

అర్ఫా

కలుతర
2 మే 1998

అర్ఫా,

నీ ఉత్తరం క్లాసులో చదువుతూ నవ్వినందుకు నన్ను బయటికి పంపారు. బయట కూడా నవ్వాను.

ఆ టీల పద్ధతి బాగుంది. ఇంకో రెండు పనులు చెయ్యి. ప్రతి ఇంటివాళ్ళనీ బండి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోమను. ట్రాక్టరు వద్దు, దాని మీద సుబ్బరత్నం ఎంత కుదుపు పడిందో తెచ్చినవాళ్ళే చెప్పారు. రెండోది, ప్రతి నెలా బీపీ చూడాలి. బాగున్నట్టు కనబడేవాళ్ళకి కూడా.

హన్నాకి ఎలా ఉంది? డేనియల్ ఉత్తరంలో క్రికెట్ తప్ప ఏమీ ఉండదు.

వినీల

కొండిపాలెం
6 జులై 1998

వినీలా,

ఈసారి నన్ను పొగుడుతావు. పొగడకపోతే ఊరుకోను.

ఈ వేసవిలో జనం పిట్టల్లా రాలిపోతారనుకున్న ఎండల్లో కూడా మాణిక్యం గారు గొడుగు దించలేదు. మన ఊళ్ళన్నిటిలోనూ కడుపుతో ఉన్న ప్రతి మనిషి పేరూ మా బోర్డు మీద ఉంది. ఆటో వాళ్ళతో మాట్లాడాం, ఎవరు పిలిచినా వస్తామన్నారు. మొన్న ఒకామెకి రక్తం పోతుంటే తెల్లారేలోపు బందరు ఆసుపత్రికి చేర్చాం. తల్లీ బిడ్డా మూడో రోజున లేచి కూర్చున్నారు. జిల్లా ఆఫీసరు గారు వచ్చి బోర్డు ముందు నిలబడి ఫోటో దిగారు. ఈసారి కుర్చీ ఆయనకే ఇచ్చాను, అట్టముక్కతో సహా.

ఇప్పుడు మాకున్న చిక్కల్లా చోటు చాలకపోవడమే. కాన్పు అయినవాళ్ళవీ, పుట్టింటికి వెళ్ళినవాళ్ళవీ పేర్లు తుడిచేసి కొత్తవి రాస్తున్నాం.

హన్నా బాగుంది. వెళ్ళేముందు మీ అమ్మగారు పెట్టిన ఆవకాయ నాకో సీసా ఇచ్చి వెళ్ళింది. ఎందుకో ఈమధ్య నాకు ఆ వాసన పడటం లేదు, ముస్తాకే తింటున్నారు.

నన్ను పొగుడుతూ రాయి.

అర్ఫా

కలుతర
20 జులై 1998

అర్ఫా,

పొగడలేదని తిట్టుకో, పరవాలేదు. పుట్టింటికి వెళ్ళినవాళ్ళ పేర్లు తుడిచేస్తున్నామని రాశావే, అక్కడే చదవడం ఆపేశాను. వెళ్ళేముందు ఆవకాయ ఇచ్చిందంటే హన్నా కూడా వెళ్ళిపోయిందన్నమాట. దాని పేరు కూడా తుడిచేశారా?

ఉత్తరం పట్టుకుని కుసుమావతి దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళరా అని అడిగాను. "వెళ్ళకేం, మా అమ్మాయీ నా దగ్గరికే వచ్చింది" అంది. మరి అప్పుడు? "ఆ ఊరి మిడ్‌వైఫ్‌కి కబురు చేస్తాను. ఆవిడ వెళ్ళి చూసి వచ్చి, చూశానని చెప్పేదాకా ఆ మనిషి నా మనిషే." ఎంత మామూలుగా చెప్పిందో. ఇన్ని నెలలు ఆవిడ వెనకే తిరిగాను, ఈ ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. సగం చూసి నీకు మొత్తం అని రాశాను.

మన దగ్గర తొలి కాన్పులన్నీ పుట్టింట్లోనే కదే. ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళనే మన చేత్తో మనం బోర్డు మీంచి తుడిచేస్తున్నాం.

స్కూలుకి ఫోన్ చేశాను. "వాళ్ళమ్మ దగ్గర హాయిగా ఉందక్కా" అన్నాడు డేనియల్. బీపీ ఎవరు చూస్తున్నారంటే "అక్కడా నర్సు ఉంటుందిగా" అన్నాడు. నువ్వు వెళ్ళు. అవనిగడ్డ దాటాక ఊటపాలెం, వాళ్ళమ్మ పేరు సంపూర్ణమ్మ. ఎవర్నో పంపకు. నువ్వే వెళ్ళు.

వినీల

బందరు ఆసుపత్రి వరండా
4 ఆగస్టు 1998

వినీలా,

ముందు ఇది చదువు. హన్నా బతికి ఉంది. ఆడపిల్ల. కాస్త తక్కువ బరువు, కానీ ఏడుపు మా పటమట దాకా వినబడుతుంది. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నీ ఉత్తరం శనివారం అందింది. హన్నాని చివరిసారి చూసినప్పుడు బీపీ ఉండాల్సినదానికంటే కాస్త పైన ఉంది. నీకు రాయలేదు. రాస్తే సముద్రం అవతలి నుంచి కూడా నా నెత్తినెక్కి కూర్చుంటావని. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళిన రోజు నేను మీటింగులో ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే మాణిక్యం గారినీ, బీపీ మిషన్నీ వెంటబెట్టుకుని బస్సెక్కాను. చల్లపల్లి దాటాక నాకు వాంతి అయింది. మాణిక్యం గారు నన్ను అదోలా చూసింది. రోడ్డు బాగోలేదన్నాను.

ముందు ఊటపాలెం నర్సు దగ్గరికి వెళ్ళాం. హన్నా పేరు చెబితే "మా ఊరి ఆడపడుచే కానీ ఇప్పుడు మీ ఊరి కోడలు కదండీ, మా లెక్కలో ఉండదు" అంది. అబద్ధమేం చెప్పలేదు. మా లెక్కలో పుట్టింటికి వెళ్ళింది, వాళ్ళ లెక్కలో అత్తింటి మనిషి. నడి ఏట్లో నిలబెట్టాం ఆ పిల్లని.

హన్నా మంచం మీద గోడకి తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి "డాక్టరక్కా, మీరు మసగ్గా కనబడుతున్నారేంటి?" అంది. మొహం, చేతులు, కాళ్ళు అన్నీ నీరు. సంపూర్ణమ్మ గారు మాత్రం మాకు భోజనం పెట్టాలని కోడి కోసం చూస్తోంది. "నీరు రావడం మామూలేనమ్మా, నాకు అన్ని కాన్పులకీ వచ్చింది. తలనొప్పంటే బామ్ రాశాను. పిల్ల కోసం నాటు గుడ్లు దాస్తున్నాను" అంది. ఆవిడ ప్రేమకి ఎక్కడా లోటు లేదు వినీలా. బీపీ చూస్తే ఉండాల్సినదానికంటే మరీ పైన ఉంది. ఏ క్షణమైనా ఫిట్స్ వస్తాయి.

బందరు తీసుకెళ్ళాలన్నాను. ఆవిడ మంచానికి అడ్డంగా నిలబడింది. "తొలి కాన్పు నా ఇంట్లో చెయ్యకుండా ఆసుపత్రికి తోసేశానంటే మా వియ్యపురాలు ఏమనుకుంటుంది? అడిగి మరీ తెచ్చుకున్నాను పిల్లని."

"మీ వియ్యపురాలి కూతురే నన్ను పంపిందండీ" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, హన్నా మొహం చూసింది. "అంత దూరాన్నుంచా?" అంది. లోపలికి వెళ్ళి, పాత చీరలన్నీ మూట కట్టుకుని వచ్చింది.

బండి లేదు. రొయ్యల చెరువుల దగ్గర సరుకు ఎత్తే వ్యాను ఒకటి దొరికింది. దాని డ్రైవరు శౌరయ్య వాళ్ళకి చుట్టం. పరుపు వేసి హన్నాని పడుకోబెట్టాం. ఫిట్స్ రాకుండా నా దగ్గరున్న ఇంజక్షన్ ఇచ్చాను. సంపూర్ణమ్మ గారు దారి పొడుగునా హన్నా తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. శౌరయ్య గుంతలు తప్పించిన పద్ధతికి వాడికి పతకం ఇవ్వాలి. ఆసుపత్రి మెట్ల మీద హన్నాకి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మెట్ల మీద, వినీలా. ఊటపాలెంలో కాదు, వ్యానులో కాదు. డాక్టర్లు చేతుల మీద లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేశారు.

ఈరోజు పొద్దున హన్నా కళ్ళు తెరిచి, "ఇప్పుడు సరిగ్గా కనబడుతున్నారక్కా" అంది. నేను బయటికి వచ్చి ఏడ్చాను. మాణిక్యం గారు టీ తెచ్చి ఇచ్చింది. ఈ టీకి ఎవరి తప్పూ లేదు, ఊరికే తాగమంది.

అర్ఫా

కలుతర
17 ఆగస్టు 1998

నా అర్ఫా,

నీ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. కుసుమావతి వచ్చి భుజం పట్టుకుంది. ఇద్దరం వరండాలో కూర్చుని ఏడ్చాం. ఆవిడకి తెలుగు రాదు, నాకు సింహళం రాదు, రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషు కూడా ఆ కాసేపటికి అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నువ్వు ఒక పని చెయ్యాలి. ఇక్కడ చేసినట్టే అందర్నీ కూర్చోబెట్టు. మనిషి పోయాకే కూర్చోవాలని ఎవరన్నారు? సంపూర్ణమ్మ గారినీ పిలువు. ఎవరినీ తప్పు పట్టొద్దు. నిన్ను నువ్వు కూడా తిట్టుకోవద్దు, నీకది అలవాటు. హన్నా ఎక్కడ ఆగిపోయిందో అది మాత్రం అడుగు.

ఇంకో ప్రశ్న. ఇన్నేళ్ళుగా నువ్వు ఎన్ని గతుకుల రోడ్ల మీద ఎన్ని బస్సులు ఎక్కావో నాకు తెలుసు. ఏనాడూ వాంతి కాలేదు. ఆవకాయ వాసన పడకపోవడం అసలే ఎరగను. నీకెన్నో నెల?

వినీల

కొండిపాలెం
5 అక్టోబరు 1998

వినీలా,

కూర్చోబెట్టాను. మన ఆసుపత్రి వరండాలోనే. డేనియల్, మీ అమ్మగారు, సంపూర్ణమ్మ గారు, ఊటపాలెం నర్సు, మాణిక్యం గారు, నేను. మొదట అందరూ తలలు దించుకున్నారు. ఊటపాలెం నర్సు సంజాయిషీ రాసి మరీ తెచ్చుకుంది. అది మడిచి ఆవిడ చేతికే ఇచ్చేశాను. నీ కుసుమావతి బల్ల సంగతి చెప్పి, హన్నా ఎక్కడ ఆగిపోయిందని అడిగాను.

సరైన బస్సుల్లేక ఊటపాలెం వెళ్ళి చూడలేదని డేనియల్ చెప్పాడు. నేను బోర్డు గురించి చెప్పాను. చివరికి సంపూర్ణమ్మ గారు, "నేను పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మీ గేటు ముందే బస్సు దిగానండీ" అంది. "చేతిలో సున్నుండల డబ్బా ఉంది. మీ ఆసుపత్రి అరుగు మీద కూర్చుని చెప్పులో రాయి తీసుకున్నాను కూడా. పిల్లకి బీపీ ఉందని అప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే, గుడ్లతో పాటు అదీ చూసుకునేదాన్ని కదమ్మా."

మీ అమ్మగారే అందుకున్నారు. "పెళ్ళిలో ఆవిడ పిల్లని నా చేతిలో పెట్టి అప్పగింతలు పెట్టింది. ఏది తింటుందో, దేనికి భయపడుతుందో అన్నీ చెప్పి మరీ ఇచ్చింది. కాన్పుకి తిరిగి పంపేటప్పుడు నేను మాత్రం సంచీ చేతికిచ్చి బస్సెక్కించాను."

అంతే వినీలా, దారి దొరికింది. పుట్టింటివాళ్ళు రాకుండా తొలిచూలు పిల్ల కదలదు. తల్లో, పిన్నో, వదినో వచ్చి తీసుకెళ్ళాల్సిందే. మనం వాళ్ళ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, వాళ్ళే మన ఊరికి వస్తారు. అందుకని తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా బస్సెక్కేముందు మన దగ్గరికి రావాలి. మాణిక్యం గారు తల్లిని కూర్చోబెట్టి, కూతురి చెయ్యి ఆవిడ చేతిలో పెట్టి, పిల్లకి ఏముందో, ఏం కనబడితే పరిగెత్తాలో, బండి ఎవరిదో చెప్పి అప్పగిస్తుంది. ఆ ఊరి నర్సుకి అదే రోజు కబురు. ఆ నర్సు చూశానని చెప్పినా సరే, పేరు తుడవడం లేదు. బిడ్డనెత్తుకుని తల్లి తిరిగొచ్చి, తన పేరు తనే తుడుచుకోవాలి. హన్నా పేరు మాణిక్యం గారు మళ్ళీ రాసింది. చోటు కోసం ఇంకో బోర్డు చేయించాను.

జనం దీనికి తిరుగు అప్పగింతలు అని పేరు పెట్టేశారు. వీధిలో అందరికీ అర్థమైంది. బీపీ గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పినా ఎక్కనిది, ఈ ఒక్క మాటతో ఎక్కింది.

నువ్వడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు ఈ ఉత్తరంలో లేదు.

అర్ఫా

కలుతర
26 అక్టోబరు 1998

అర్ఫా,

తిరుగు అప్పగింతల గురించి క్లాసులో చెప్పాను. ముందు నవ్వారు, తర్వాత రాసుకున్నారు. కుసుమావతి అయితే చెయ్యి చేతిలో పెట్టడం ఎలాగో నా చేత రెండుసార్లు చేయించుకుని చూసింది. నేర్చుకోవడానికి వచ్చి ఏదో ఒకటి నేర్పాను, ఇక ధైర్యంగా ఇంటికి రావచ్చు.

జవాబు లేదని రాయడమే జవాబు. దిష్టి భయమా, డాక్టరమ్మకి? ఊరందరి పేర్లూ రాయించిన మనిషివి, బోర్డు మీద నీ పేరు ఉందా లేదా? అదొక్కటే చెప్పు.

వినీల

కొండిపాలెం
27 జనవరి 1999

వినీలా,

నీ ఉత్తరం అందిన రోజే బోర్డు దగ్గరికి వెళ్ళాను. రాద్దామని సుద్దముక్క తీశాను. నా పేరు అప్పటికే ఉంది. ఆగస్టులో బస్సు దిగి వచ్చిన మర్నాడే మాణిక్యం గారు అడుగు వరసలో చిన్న అక్షరాలతో రాసేసిందట. "మీరు చెప్పినప్పుడు పెద్దవి చేద్దామని ఆగానండీ" అంది. ఆ రోజే పెద్దవి చేసింది. ఇన్నాళ్ళూ నాకు బీపీ మిషను పాడైందేమో చూద్దాం రండంటూ ఎందుకు కట్టేదో అప్పుడు అర్థమైంది.

హన్నా డిసెంబరులో తిరిగొచ్చింది. పిల్లని డేనియల్‌కిచ్చి, బోర్డు దగ్గరికి వెళ్ళి, అరచేత్తో తన పేరు తుడుచుకుంది. సంపూర్ణమ్మ గారు ఆ సుద్దపొడి కాస్త తీసి మనవరాలి నుదుట పెట్టింది. ఎందుకని అడగలేదు.

రంజాన్ పండగ అయ్యాక నిన్న మా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆటో గేటు దగ్గర ఆగగానే మాణిక్యం గారు ఎదురెళ్ళి, "ఇటు కూర్చోండి జమాల్ బీ గారూ" అని బల్ల చూపించింది. మా అమ్మకి నేను చెప్పుకుంటాలెండి, నేనే డాక్టర్ని కదా అన్నాను.

"మీరు మాట్లాడకూడదండీ. అప్పగించేటప్పుడు పిల్ల మాట్లాడదు" అంది.

నోరు మూసుకుని నిలబడ్డాను. నా చెయ్యి తీసుకెళ్ళి మా అమ్మ చేతిలో పెట్టింది. నాకు రక్తం కాస్త తక్కువని, మాత్రలు దాచి మింగానని అబద్ధం చెబుతున్నానని, తలనొప్పన్నా కళ్ళు మసకలన్నా నేను డాక్టర్నని దబాయించినా వినకుండా బండెక్కించాలని, పటమట నర్సు రాజ్యలక్ష్మి గారికి తను పొద్దున్నే ఫోన్ చేశానని, అన్నీ చెప్పింది. మా అమ్మ ప్రతి మాటకీ తలూపింది. చివరికి నా చెయ్యి వదలకుండానే ఏడ్చేసింది. "పెళ్ళిలో నిన్ను ఇచ్చేటప్పుడు ఇంత భయం వెయ్యలేదే. ఇప్పుడు తీసుకుంటుంటే వేస్తోంది" అంది.

నేను ఎన్నో అప్పగింతలు దగ్గరుండి జరిపించాను. అవతలివైపు నిలబడితే ఎలా ఉంటుందో నిన్ననే తెలిసింది. నేను భద్రంగా ఉన్నాననిపించింది వినీలా. డాక్టరుగా కాదు, ఊరికే మనిషిగా.

ఈ ఆదివారం పటమట వెళుతున్నాను. వచ్చే నెల నువ్వొచ్చి నీ కుర్చీలో కూర్చుంటావు. అట్టముక్క కొత్తది పెట్టాను. బోర్డు మీద అన్నీ నీ ఇష్టం, మార్చుకో. అడుగు వరసలో అర్ఫా అని ఉంటుంది, దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకు.

అది తుడవడానికి నేనే వస్తాను.

నీ
అర్ఫా